హార్మోనియం చేతికి మిడి కీబోర్డు: హన్మకొండలో ఒక ఇంటి స్టూడియో కేస్ స్టడీ

హన్మకొండలో ఒక ఇంటి మేడమీద 10 అడుగులకు 11 అడుగుల గది. హార్మోనియం వాయించే మామ, కంప్యూటర్ మీద కూర్చునే మేనల్లుడు కలిసి ఆ గదిలో జానపద పాటలకు సంగీతం చేస్తారు. బతుకమ్మకు ముందు రెండు నెలలు పని ఎక్కువ. పెళ్ళి పాటలు, జాతర పాటలు ఏడాదంతా వస్తాయి. మామ హార్మోనియం మీద బాణీ కడతారు. మేనల్లుడు దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని, విని, ఎఫ్ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో మౌస్‌తో ఒక్కో నోటూ గీస్తాడు. అలా గీసిన ఫ్లూట్‌లో జారు ఉండదు, స్వరాలన్నీ మెట్లు దిగినట్టు విడివిడిగా వినిపిస్తాయి. స్ట్రింగ్స్ (వయొలిన్ల బృంద శబ్దం) మొదటి నుంచి చివరిదాకా ఒకే బలంతో మోగుతాయి. పాట ఇచ్చిన చానెల్‌వాళ్ళు "మంచిగనే ఉంది గని, మిషన్ వాయించినట్టుంది" అంటున్నారు.

వాళ్ళ దగ్గర ముందే ఉన్నవి: 16 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్ఫేస్, ఒక కండెన్సర్ మైకు, 5 అంగుళాల మానిటర్ స్పీకర్లు రెండు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉన్న టేబుల్. ఏ మిడి కీబోర్డు కొనాలో మా సలహా అడిగారు. కొత్తగా పెట్టగలిగేది రూ. 25,000. మేనల్లుడు అడిగింది 25 మినీ కీలు, 8 ప్యాడ్లు (వేళ్ళతో కొట్టే రబ్బరు పలకలు), 8 నాబ్‌లు (తిప్పే బొత్తాలు) ఉన్న చిన్న కంట్రోలర్, అంటే తాను మోగకుండా కంప్యూటర్‌కు మిడి సందేశాలు పంపే కీబోర్డు. వీడియోల్లో ఎక్కువగా కనిపించేది అదే కాబట్టి అడగడంలో వింత లేదు.

ఈ స్టూడియోకు అది సరిపోదన్నది మా అభిప్రాయం. కారణం మినీ కీల నాణ్యత కాదు. కంట్రోలర్ కొనేటప్పుడు చాలామంది కుడి చేతినీ, మెరిసే ప్యాడ్లనూ చూస్తారు. మన బాణీకి ప్రాణం పోసే పని ఎడమ చేతిది. వాయించే మనిషి ఎడమ చేయి దేనికి అలవాటుపడిందో, దానికి ఏ పని అప్పగించాలో తేలాకే మోడళ్ళ జాబితా తెరవాలి.

కీలు ఎన్ని: పాటను బట్టి లెక్క

హార్మోనియం మీద మామకు అలవాటైనవి మూడున్నర స్థాయిలు, అంటే 42 మెట్లు. అంతమాత్రాన 49 కీలు చాలని అనుకోకూడదు. కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిచే ఫ్లూట్, సన్నాయి, వయొలిన్ లైబ్రరీల్లో (రికార్డు చేసిన వాద్య శబ్దాల సంపుటాల్లో) చాలావాటికి కీస్విచ్‌లు ఉంటాయి. కింది స్థాయిలో ఒక మెట్టు నొక్కితే పొడుగు ఊపిరి, పక్క మెట్టు నొక్కితే పొట్టి ఊపిరి, ఇంకోటి నొక్కితే జారు. ఆ మెట్లు సాధారణంగా 24వ మిడి నోటు నుంచి మొదలవుతాయి. మిడిలో ప్రతి మెట్టుకూ ఒక అంకె ఉంటుంది, పక్క మెట్టుకు ఒకటి ఎక్కువ.

49 కీల కీబోర్డు ఆన్ చేయగానే 36 నుంచి 84 దాకా పంపుతుంది. కీస్విచ్‌లు అందాలంటే ఆక్టేవ్ బటన్‌తో ఒక స్థాయి కిందికి దించాలి, అప్పుడు 24 నుంచి 72. అందులో కింది 12 కీస్విచ్‌లకు పోతే వాయించడానికి మిగిలేది 36 నుంచి 72, అంటే 37 మెట్లు. ఇప్పుడు గాయని శ్రుతి చూడాలి. ఈ స్టూడియోలో ఎక్కువ పాటలు పాడే ఆమె శ్రుతి అయిదున్నర. ఆమె మధ్య స్థాయి షడ్జం 56వ నోటు, తారషడ్జం 68, తారపంచమం 75. కీబోర్డు 72 దగ్గరే ఆగిపోతుంది. ఫ్లూట్ ఇంకో స్థాయి పైన మోగాలంటే దారే లేదు, పాట మధ్యలో ఆక్టేవ్ బటన్ నొక్కుతూ కూర్చోవాలి.

61 కీలదైతే ఒక స్థాయి దించినా 24 నుంచి 84 దాకా అందుతుంది. కీస్విచ్‌లు పోగా 49 మెట్లు మిగులుతాయి. ఫ్లూట్‌కు షడ్జం 68 అనుకుంటే పైషడ్జం 80, ఆ పైన అంతరగాంధారం 84 కూడా చేతికింద ఉంటాయి. హార్మోనియం 42 మెట్ల అలవాటు పూర్తిగా ఇమిడిపోతుంది. అందుకే 61.

88 ఎందుకు వద్దంటే మొదట టేబుల్ వల్ల. పూర్తి సైజు తెల్ల కీ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. 88 కీల్లో 52 తెల్లవి, అంటే కీల వరసే 122 సెంటీమీటర్లు. 4 అడుగుల టేబుల్ మొత్తం అంతే. 61లో 36 తెల్లవి, 85 సెంటీమీటర్లు. పక్కన వీల్స్, చివరి గోడలు కలిపినా మీటరు లోపే. రెండో కారణం, 88 కీలవాటిలో ఎక్కువభాగం పియానోలా బరువు కీలు. హార్మోనియం మెట్టు తేలిక, వేలు తగలగానే పలుకుతుంది. ఆ చేతికి పియానో బరువు పెడితే వేగంగా వాయించే బిట్లు తడబడతాయి. పియానో నేర్చినవాళ్ళకు మా సలహా వేరుగా ఉంటుంది.

మినీ కీల సంగతికి వస్తే, మెట్టు వెడల్పు హార్మోనియం మెట్టుకు దగ్గరగా ఉంటే ముప్ఫై ఏళ్ళ అలవాటున్న వేళ్ళు చూడకుండానే చోటు పట్టుకుంటాయి. సన్నటి కీ మీద ఆ అంచనా తప్పుతుంది. ప్రయాణాల్లో, బెంచీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని బీట్ కట్టేవాళ్ళకు మినీ కీలు చక్కగా పనికొస్తాయి.

ఎడమ చేయి

హార్మోనియం మీద ఎడమ చేయి గాలి కొడుతుంది. మెట్టు మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం ఒకటే. బలం పెరిగేదీ తగ్గేదీ గాలి వల్లనే. అంటే మామ ఎడమ చేతికి శబ్దాన్ని ఉబ్బించడం, తగ్గించడం బాగా తెలుసు. గమకం మాత్రం తెలియదు, ఎందుకంటే హార్మోనియంలో స్వరాన్ని వంచడానికి వీలే లేదు. మిడి కీబోర్డులో ఈ రెండు పనులకూ రెండు చక్రాలున్నాయి: బలానికి మాడ్ వీల్, స్వరాన్ని వంచడానికి పిచ్ వీల్. కాబట్టి మొదటి షరతు, రెండూ నిజంగా చక్రాలై ఉండాలి.

చిన్న కంట్రోలర్లలో చక్రాల స్థానంలో వేరేవి పెడతారు. అకాయ్ ఎంపీకే మినీ మార్క్3లో ఒకే జాయ్‌స్టిక్ ఉంటుంది. అటూ ఇటూ పిచ్, పైకీ కిందికీ మాడ్. వదలగానే రెండూ మధ్యకు వచ్చేస్తాయి. స్ట్రింగ్స్‌ను సగం బలం దగ్గర నిలబెట్టి చేయి తీయడం కుదరదు. ఆర్టూరియా మినీల్యాబ్ 3లో తాకే పట్టీలు ఉంటాయి. వేలు ఎక్కడ ఆనితే అక్కడికి విలువ దూకుతుంది, కాబట్టి జారు మొదలయ్యే చోటు చేతికి దొరకడానికి చాలా సాధన కావాలి. స్ప్రింగ్ ఉన్న చక్రం ఎదురు తోస్తుంది, ఆ ఒత్తిడిని బట్టి ఎంత వంచామో వేలికి తెలుస్తుంది. కంపితం (స్వరాన్ని ఊపే గమకం) వాయించేటప్పుడు ఆ ఎదురుతోపు చాలా అవసరం.

రెండో షరతు పెట్టె మీద ఎక్కడా రాయరు. పిచ్ బెండ్ సందేశంలో మిడి ప్రమాణం 14 బిట్ల చోటు ఇచ్చింది. 0 నుంచి 16,383 దాకా విలువలు, మధ్య 8,192. కొన్ని కీబోర్డులు ఆ చోటంతా వాడవు. లోపలి చక్రాన్ని 128 మెట్లుగానే చదివి పంపుతాయి. పాప్ పాటలో బెండ్ రేంజ్, అంటే చక్రం స్వరాన్ని వంచే దూరం, అటు 2, ఇటు 2 సెమిటోన్లు. సెమిటోన్ అంటే పక్క మెట్టుకున్న దూరం, అందులో నూరో వంతు సెంటు. ఆ 400 సెంట్లను 128తో భాగిస్తే మెట్టుకు 3 సెంట్లు, చెవికి అందదు. మన జారుకు రేంజ్ 12 సెమిటోన్లు పెట్టామనుకోండి. 2,400 సెంట్లను 128తో భాగిస్తే మెట్టుకు దాదాపు 19 సెంట్లు. సంగీతశాస్త్రంలో ప్రమాణ శ్రుతి అనే చిన్న స్వరభేదం 22 సెంట్లు. అంటే నున్నగా జారాల్సిన స్వరం శ్రుతి శ్రుతికీ ఆగుతూ గరగరమంటుంది. అదే 14 బిట్లూ వాడితే మెట్టుకు 0.15 సెంటు, ఏ చెవీ పట్టలేదు.

కొనకముందు దీన్ని తెలుసుకోవడం కష్టం, వచ్చాక పట్టుకోవడం సులువు. విండోస్‌లో మిడి-ఆక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, ఇన్‌పుట్‌గా కీబోర్డును ఎంచుకుని, పిచ్ వీల్‌ను చాలా మెల్లగా తిప్పాలి. ప్రతి సందేశంలో రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది సన్నని విలువ, రెండోది ముతక విలువ. మొదటి అంకె ఎప్పుడూ 0గానే ఉంటే, లేదా ఎప్పుడూ రెండోదానికి నకలుగా ఉంటే ఆ చక్రం 128 మెట్లదే. మొదటి అంకె తనంతట తాను మారుతుంటే సన్నని విలువలు అందుతున్నట్టు. చక్రం వదిలాక చివరి సందేశం 0, 64 కావాలి (ప్రోగ్రామ్ హెక్స్ అంకెల్లో చూపుతుంటే 00, 40). 0, 63 దగ్గరో 0, 65 దగ్గరో ఆగిపోతే ఆ తర్వాత వాయించే ప్రతి స్వరం కొద్దిగా పక్కకు పలుకుతుంది. గాయని శ్రుతి తప్పిందని ఆమెతో మళ్ళీ మళ్ళీ పాడించిన తర్వాత అసలు కారణం చక్రమని తేలడం కంటే నష్టం ఇంకోటి లేదు.

"ప్యాడ్లు లేకుంటే డప్పు ఎట్ల కొట్టాలె అన్నా?"

మేనల్లుడి ప్రశ్న న్యాయమైనదే. బడ్జెట్ పెంచితే రెండూ ఒకేచోట దొరుకుతాయి. నొవేషన్ లాంచ్‌కీ 61లో చక్రాలు, 16 ప్యాడ్లు, 9 ఫేడర్లు (పైకీ కిందికీ జరిపే మీటలు) అన్నీ ఉన్నాయి. నెక్టార్ ఇంపాక్ట్ జీఎక్స్61, ఎం-ఆడియో కీస్టేషన్ 61 లాంటివి ప్యాడ్లు లేని సాదా రకం, చక్రాలు మాత్రం ఉంటాయి. వీటి మధ్య ధర తేడా ఈ బడ్జెట్‌లో పెడల్, హబ్, వడ్రంగి పని మొత్తాన్నీ మింగేస్తుంది.

మా తీర్పు సాదా రకానికే. డప్పు దరువులో రెండు పుల్లలు, రెండు శబ్దాలు. కుడి చేతి సిర్ర ఇచ్చే బరువు దెబ్బ, ఎడమ చేతి చిటికెన పుల్ల ఇచ్చే సన్నని దెబ్బ. ఈ రెండింటినీ పక్కపక్క తెల్ల కీలకు కట్టి, చూపుడువేలు, మధ్యవేలితో వాయిస్తే దరువు బాగా పలుకుతుంది. తక్కువ ధర ప్యాడ్లలో మెల్లని దెబ్బలు అసలు నమోదు కావు, లేదా అన్నీ ఒకే బలంతో వస్తాయి. చిటికెన పుల్ల గలగలంతా మెల్లని దెబ్బల్లోనే ఉంటుంది కాబట్టి ఈ పనికి కీలే మేలు. ఇంకో మాట: వరంగల్ చుట్టుపక్కల డప్పు కళాకారులకు కొదువ లేదు. ఒక పూట వాళ్ళను పిలిచి, డప్పు కాచి, ఒక్కో దెబ్బను నాలుగు బలాల్లో, ఒక్కో బలానికి నాలుగైదు సార్లు మైకులో పట్టుకుని, వాళ్ళకు తగిన పైకం ఇస్తే, ప్యాడ్ల మీద పెట్టే డబ్బు కంటే పాటకు ఎక్కువ మేలు జరుగుతుంది. బయట దొరికే లైబ్రరీల్లో మన డప్పు చాలా అరుదు. ఉన్నా కాచిన తోలు కంగుమనే శబ్దం వాటిలో దొరకదు.

నాబ్‌లు, ఫేడర్ల గురించి ఎక్కువ చెప్పే పనిలేదు. మిక్సింగ్ మౌస్‌తోనే చేసే స్టూడియోలో వాటిమీద మొదటి వారం తర్వాత చేయి పడదు. ఒక్క వాల్యూమ్ ఫేడర్ ఉంటే చాలు. కీబోర్డుతో ఉచితంగా వచ్చే సాఫ్ట్‌వేర్‌ను చూసి మోడల్ ఎంచుకోవద్దు. ఆ లైసెన్సు ఒకసారే రిజిస్టర్ అవుతుంది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొంటే అది మీకు రాదనే అనుకోండి.

కొన్న మోడల్ పేరు ఇక్కడ కావాలనే రాయడం లేదు. ఒకే పేరుతో మార్క్2, మార్క్3 వస్తుంటాయి, లోపలి భాగాలు మారుతుంటాయి. 61 పూర్తి సైజు కీలు, రెండు చక్రాలు, సస్టెయిన్ పెడల్ (స్వరాన్ని నిలిపి ఉంచే కాలిమీట) జాక్, డ్రైవర్ లేకుండా యూఎస్‌బీతో నడవడం, ఒక ఫేడర్. ఈ అయిదూ ఉండి, చక్రం పరీక్షలో నెగ్గినది ఏదైనా ఈ స్టూడియోకు సరిపోయేదే. బడ్జెట్‌లో మూడింట రెండొంతుల లోపే కీబోర్డుకు పోయింది. మిగతాది పెడల్, అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్, టేబుల్ కింద ట్రే.

ట్రే

మామూలు టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు. దానిమీద కీబోర్డు పెడితే కీలు 83 దాకా లేస్తాయి. భుజాలు ఎత్తి వాయించాలి, గంట తిరక్కుండానే మణికట్టు నొస్తుంది. టేబుల్ కింద లాగే ట్రే ఒకటి చేయించాం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 105 సెంటీమీటర్ల వెడల్పు, 28 లోతు, టేబుల్ అడుగుకూ ట్రేకూ మధ్య 12 సెంటీమీటర్ల ఖాళీ. అప్పుడు కీల ఎత్తు 69 దగ్గరికి వచ్చింది. డ్రాయర్లకు వేసే టెలిస్కోపిక్ చానెళ్ళే దీనికీ సరిపోతాయి. చానెల్ చివరిదాకా లాగితే ట్రే ఊగుతుంది, ఆ ఊపులో దరువు వాయిస్తే దెబ్బ బలం చెదిరిపోతుంది. అందుకే ట్రే పూర్తిగా బయటికి రాకముందే ఆగేలా లోపల చెక్క అడ్డం కొట్టించాలి. పిచ్ వీల్ కీల ఎడమపక్క కాకుండా పైవరసలో ఉన్న మోడలైతే 12 సెంటీమీటర్ల ఖాళీలో చేయి తగులుకుంటుంది. ట్రే కొలతలు కీబోర్డు చేతికి వచ్చాకే వడ్రంగికి ఇవ్వాలి.

పెట్టె విప్పిన రోజు

వరంగల్‌లో, కరీంనగర్‌లో ఇలాంటి కీబోర్డులు చేతితో ముట్టి చూసి కొనే అవకాశం తక్కువ. ఎక్కువమంది ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటారు. కాబట్టి వాపసు గడువు లోపల పరీక్ష పూర్తికావాలి. పెట్టె కోసేటప్పుడు వీడియో తీసి పెట్టుకోవడం మంచిది.

పరీక్షకు గంట చాలు. మిడి-ఆక్స్ తెరిచి ముందు చక్రం చూడాలి, పైన చెప్పినట్టు. తర్వాత 61 కీలనూ ఒక్కోటి మెల్లగా, నడిమిగా, గట్టిగా నొక్కి వెలాసిటీ అంకె (ఎంత బలంగా నొక్కామో చెప్పేది) గమనించాలి. మెల్లగా నొక్కితే 20, 30ల్లో, గట్టిగా నొక్కితే 110 పైన రావాలి. పక్క కీలన్నీ 60 చూపుతుంటే ఒకటి మాత్రం 127 చూపితే ఆ కీ కింద లోపముంది. ప్రతి కీ కింద రెండు రబ్బరు కాంటాక్టులు ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. ఆ రెండింటి మధ్య గడిచిన కాలాన్ని బట్టే వెలాసిటీ లెక్క. ఒకదానిలో దుమ్ము ఉంటే లెక్క తప్పుతుంది, కీ అసలు పలకదు లేదా విరుచుకుపడుతుంది. కొత్త కీబోర్డులో ఇలా ఉంటే విప్పి బాగుచేయొద్దు, తిప్పి పంపండి. నల్ల కీలు తెల్లవాటి కంటే కొంచెం మెల్లగా పలకడం మామూలే.

ప్రతి కీ వదిలాక నోట్ ఆఫ్ (స్వరం ఆపమనే సందేశం) వస్తోందో లేదో కూడా చూడాలి. పెడల్ జాక్‌లో పెట్టి తొక్కితే 64వ కంట్రోలర్ (ఇక్కడ కంట్రోలర్ అంటే పరికరం కాదు, పెడల్‌కు మిడి ఇచ్చిన సందేశం అంకె) 127, వదిలితే 0 చూపాలి. తలకిందులుగా వస్తే పెడల్ చెడిపోయిందని కాదు. పెడళ్ళు రెండు రకాలు, తొక్కినప్పుడు కలిసేవి, తొక్కినప్పుడు విడిపోయేవి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ రకాన్ని గుర్తిస్తాయి. పెడల్ ముందే పెట్టి, దానిమీద కాలు లేకుండా కీబోర్డు ఆన్ చేస్తే సర్దుకుంటుంది.

సెట్టింగులు: ఏది ఎందుకు

హార్మోనియం వేళ్ళకు వెలాసిటీ అనే ఊహే ఉండదు. మామ వాయించిన మొదటి బిట్‌లో ఒకే స్వరం ఒకసారి 45, ఇంకోసారి 118 వచ్చింది. అది ఆయన లోపం కాదు, ఇన్నేళ్ళు ఆ తేడా వినిపించని వాద్యం మీద వాయించిన ఫలితం. అందుకని ఫ్లూట్, సన్నాయి, హార్మోనియం ట్రాకులకు వెలాసిటీని 90 దగ్గర స్థిరంగా పెట్టాం. బలమంతా మాడ్ వీల్‌కు అప్పగించాం. చాలా స్ట్రింగ్స్ లైబ్రరీల్లో మాడ్ వీల్ పంపే 1వ కంట్రోలర్‌తోనే బలం మారుతుంది. అది స్పందించని వాద్యాలకు చక్రాన్ని 11వ కంట్రోలర్‌కు, అంటే ఎక్స్‌ప్రెషన్‌కు కట్టాం. గాలి కొట్టిన ఎడమ చేతికి ఇది తెలిసిన పనే కాబట్టి ఆయనకు కొత్త అనిపించలేదు. 7వ కంట్రోలర్‌కు మాత్రం కట్టకూడదు. అది ట్రాకు మొత్తం వాల్యూమ్, తర్వాత మిక్సింగ్‌లో దాంతో తగాదా వస్తుంది.

డప్పు ట్రాకుకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ వెలాసిటీయే ప్రాణం. వాయించేది మేనల్లుడు. అతని దెబ్బలన్నీ 85, 115 మధ్యే పడుతున్నాయని తేలింది. నాలుగు బలాల్లో రికార్డు చేసిన డప్పులో కింది రెండు బలాలు ఎప్పటికీ వినిపించవన్నమాట. కీబోర్డు వెలాసిటీ కర్వ్‌ను ఒక మెట్టు గట్టి వైపు మార్చితే అవే దెబ్బలు కిందిదాకా పరుచుకున్నాయి.

బెండ్ రేంజ్‌కు ఒకే అంకె అన్నిటికీ పనికిరాదు. కంపితం ఎక్కువున్న బిట్‌కు 2 సెమిటోన్లు చాలు, చక్రం చిన్న కదలికలకు చక్కగా స్పందిస్తుంది. పొడుగు జారుకు 5 లేదా 7. షడ్జం నుంచి తారషడ్జం దాకా జారాలంటే 12. ఎఫ్ఎల్ స్టూడియోలో చానెల్ పిచ్ రేంజ్, వాద్యం లోపలి బెండ్ రేంజ్ రెండూ ఒకే అంకె ఉండాలి. ఒకటి 2, ఇంకోటి 12 ఉంటే పంచమం దాకా జారామనుకున్నది ఎక్కడో పలుకుతుంది.

బఫర్ సంగతి. "కీబోర్డు లేటు పలుకుతోంది" అన్న ఫిర్యాదు మొదటిరోజే వచ్చింది. కీబోర్డుకు దానితో సంబంధం లేదు. ఆడియో సెట్టింగుల్లో బఫర్, అంటే శబ్దాన్ని బయటికి పంపేముందు కంప్యూటర్ కూడబెట్టుకునే ముక్క, 1,024 శాంపిళ్ళు ఉంది. 44,100 హెర్ట్జ్ దగ్గర అది 23 మిల్లీసెకన్లు. ఇంటర్ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏషియో (ఆలస్యం తగ్గించే) డ్రైవర్ ఎంచుకుని 256కు దించితే 5.8 మిల్లీసెకన్లు. రెండు మీటర్ల దూరంలో నిలబడ్డ డప్పు శబ్దం చెవికి చేరడానికి పట్టే సమయమంతే. వాయించేటప్పుడు 256, మిక్సింగ్‌కు 1,024. ఇది అలవాటు చేసుకోవాలి.

మొదటి పాటల్లో ఎదురైనవి

చక్రం వాడిన మొదటి ఫ్లూట్ బిట్ వాయించేటప్పుడు అద్భుతంగా వచ్చింది, తిరిగి వింటే జారు ఒక్కటీ లేదు. ఎఫ్ఎల్ స్టూడియోలో రికార్డు బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఏవేవి రికార్డు కావాలో ఎంచుకునే జాబితా వస్తుంది. అందులో నోట్లకు మాత్రమే టిక్ ఉంది. ఆటోమేషన్‌కూ టిక్ పెడితేనే చక్రాల కదలిక నమోదవుతుంది.

రెండోసారి జారు నమోదైంది, కానీ తాళానికి వెనకబడింది. కారణం క్వాంటైజ్. అది నోట్లను గీత మీదికి జరుపుతుంది, బెండ్ సమాచారం మాత్రం మొదట వాయించిన చోటే ఉండిపోతుంది. నోటు ముందుకు, జారు వెనక్కు. వాద్యాల బిట్లకు క్వాంటైజ్ చేయొద్దన్నదే మా గట్టి సలహా. తప్పదనుకుంటే నోట్లను ముందు సరిచేసి, చక్రాన్ని రెండోసారి విడిగా రికార్డు చేయాలి. దరువుకు క్వాంటైజ్ వాడుకోవచ్చు, అదీ నూటికి నూరు పాళ్ళు కాకుండా సగం బలంతో.

మామ అలవాటు కొద్దీ కుడి చేత్తో బాణీ వాయిస్తూ చిటికెనవేలితో షడ్జం నొక్కి పట్టుకున్నారు. చక్రం తిప్పగానే ఆ షడ్జం కూడా బాణీతో పాటు వంగింది. పిచ్ బెండ్ ఒక్క స్వరానికి కాదు, మిడి చానెల్ మొత్తానికి వర్తిస్తుంది. శ్రుతి పట్టే స్వరం వేరే ట్రాకులో, బాణీ వేరే ట్రాకులో ఉండాలి. శ్రుతిని ముందే పరిచిపెడితే ఆ చిటికెనవేలికి ఆ పని ఉండదు.

ట్రాన్స్‌పోజ్ బటన్ ఇంకో చిక్కు తెచ్చింది. మామకు ఒకటో శ్రుతి మెట్లు కొట్టినపిండి. అయిదున్నరకు వాయించాలంటే కీబోర్డును 4 సెమిటోన్లు కిందికి ట్రాన్స్‌పోజ్ చేసి, అవే మెట్లు వాయించారు. స్వరాలు సరిగ్గా వచ్చాయి, ఫ్లూట్ మాత్రం జారు అడిగితే పొట్టి ఊపిరి పలికింది. ఎందుకంటే బటన్ అన్ని కీలనూ జరుపుతుంది, కీస్విచ్‌లతో సహా. 24 నొక్కితే 20 పోతోంది. కీస్విచ్‌లున్న వాద్యాలను ట్రాన్స్‌పోజ్ లేకుండా రికార్డు చేసి, నోట్లు గీసే పియానో రోల్‌లో బాణీ నోట్లను మాత్రం ఎంచుకుని 4 సెమిటోన్లు దించడం దీనికి మార్గం. గాయనితో కూర్చుని బాణీ చూసుకునేటప్పుడు కీస్విచ్‌లు లేని హార్మోనియం శబ్దం పెట్టుకుంటే బటన్ నిర్భయంగా వాడొచ్చు. ఏదైనా స్వరం నొక్కి ఉండగా మాత్రం ఆక్టేవ్, ట్రాన్స్‌పోజ్ బటన్లు నొక్కొద్దు. కొన్ని కీబోర్డుల్లో నోట్ ఆన్ ఒక అంకెతో, ఆఫ్ ఇంకో అంకెతో వెళ్ళి స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది.

స్వరాల పేర్లూ తికమక పెడతాయి. మిడి నోటు 60ని కాంటాక్ట్ సీ3 అంటుంది, ఎఫ్ఎల్ స్టూడియో సీ5 అంటుంది. లైబ్రరీ పుస్తకంలో కీస్విచ్ సీ0 అని ఉంటే కాంటాక్ట్ లెక్కలో అది 24, ఎఫ్ఎల్ పియానో రోల్‌లో అదే సీ2. పేర్లు నమ్మకుండా అంకెలు రాసి పెట్టుకోవాలి. మేనల్లుడు ఒక్కో లైబ్రరీ కీస్విచ్ అంకెలను చీటీ మీద రాసి టేబుల్ అంచున అంటించాడు.

మధ్యమధ్యలో కీబోర్డు మాయమవడం, మళ్ళీ కనిపించడం కూడా జరిగింది. ఇంటర్ఫేస్, కీబోర్డు, లైబ్రరీలున్న ఎక్స్‌టర్నల్ డిస్క్ మూడూ అడాప్టర్ లేని పాత హబ్‌కే పెట్టారు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, మూడూ కలిస్తే చాలదు. ఇంటర్ఫేస్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు, మిగతా రెండింటినీ అడాప్టర్ ఉన్న హబ్‌కు మార్చాక ఆ సమస్య మళ్ళీ రాలేదు. చార్జర్ పెట్టగానే స్పీకర్లలో వచ్చే సన్నని కూత వేరే కథ. అది ఇంటి ఎర్తింగ్‌ది. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతే ఎక్కువవుతుంది, నీళ్ళు పోయిస్తే తగ్గింది. స్పీకర్లు, ల్యాప్‌టాప్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడిస్తే ఇంకా మంచిది.

ఇప్పటి పరిస్థితి

ఫ్లూట్, సన్నాయి బిట్లు ఇప్పుడు మామ నేరుగా వాయిస్తున్నారు. మేనల్లుడు గీసేది తక్కువ, సరిదిద్దేది ఎక్కువ. హార్మోనియం మీద ఎన్నడూ చేయని గమకం ఎడమ చేతికి రావడానికి సాధన కావాలి. రోజూ అరగంట, ఒకే రాగంలో, ముందు రెండు స్వరాల మధ్య జారు, అది కుదిరాక కంపితం. చక్రాన్ని బొటనవేలితో కాకుండా చూపుడు, మధ్యవేళ్ళతో తిప్పితే పట్టు త్వరగా వస్తుంది. స్వరం నొక్కాక వంచడం కంటే, వంచి పట్టుకుని స్వరం నొక్కి మెల్లగా వదిలితే కింది నుంచి వచ్చే జారు సహజంగా వినిపిస్తుంది. ఫ్లూట్ బిట్లలో ఎక్కువగా పనికొచ్చేది ఇదే.

ఎక్స్‌ప్రెషన్ పెడల్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దన్నాం. రెండు చక్రాల మీద ఒకే చేయి సరిపోవడం లేదని వాళ్ళకే అనిపించిన రోజు కొనొచ్చు. అదీ కీబోర్డుకు సస్టెయిన్ జాక్ కాకుండా వేరే ఎక్స్‌ప్రెషన్ జాక్ ఉంటేనే. సస్టెయిన్ జాక్‌లో ఎక్స్‌ప్రెషన్ పెడల్ పెడితే పనిచేయదు.

దుమ్ము విషయంలో మాత్రం పట్టుబట్టాలి. మేడమీది గది, పక్కన రోడ్డు. పని అయ్యాక ట్రే లోపలికి తోసి, కీల మీద నూలు గుడ్డ కప్పాలి. ప్లాస్టిక్ కవర్ వానాకాలంలో లోపల చెమ్మ పడుతుంది. వారంటీ గడువు దాటాక ఏదైనా కీ తడబడితే, కేబుల్ తీసేసి, అడుగు స్క్రూలు విప్పి, రబ్బరు పట్టీ ఎత్తి, బోర్డు మీది నల్లని కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో ఒత్తకుండా తుడిచి, పూర్తిగా ఆరాక బిగించాలి. గట్టిగా రుద్దితే ఆ నల్లని కార్బన్ పూత లేచిపోతుంది, పోయిన పూత మళ్ళీ రాదు.